కొత్త ట్రాక్ సంగతి తర్వాత, ముందు బండ్ల బాటకు పెట్టిన గేటు తీయించండి

ఎడిటర్ గారికి నమస్తే,

పోయిన ఆదివారం మీ సిటీ పేజీల్లో సైకిల్ తొక్కేవాళ్ల గురించి పెద్ద స్టోరీ వేశారు, బాగుంది, ఫొటోలు కూడా బాగున్నాయి. కానీ అందులో మాట్లాడినవాళ్లంతా ఒకటే అడిగారు, ఇంకో ట్రాక్ కావాలి, ఇంకో లేన్ కావాలి, లైట్లు కావాలి అని. నేనూ సైకిల్ తొక్కేవాడినే. ఉండేది టోలిచౌకి, ఆఫీసు గచ్చిబౌలి, వారమంతా కారులో ఏసీ వేసుకుని కూర్చుని, శని ఆదివారాలొస్తే తెల్లారకముందే లేచి శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు పల్లెల్లో పడి తిరిగే బాపతు. నాకు కొత్త ట్రాక్ వద్దు సార్. అక్కడ ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు చేన్లకి పోవడానికి ఎప్పటినుంచో ఉన్న బండ్ల బాటల్ని ఒక్కొక్కటే మూసేస్తున్నారు, అవి మూయకుండా చూస్తే చాలు. ఈ ముక్క మీ స్టోరీలో ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నా, కొంచెం పొడుగైతే ఓపిక పట్టండి.

ఆ బాటల మీద నేను తొక్కేది గ్రావెల్ బైక్, ముందు అదేంటో చెప్పాలి, లేకపోతే సగం మంది మోటార్ సైకిల్ అనుకుంటారు, మా మామయ్య ఇప్పటికీ లీటరుకి ఎంత ఇస్తుందిరా అనే అడుగుతాడు. చూడ్డానికి రేసు సైకిల్ లాగే ఉంటుంది, హ్యాండిల్ కిందికి వంగి ఉంటుంది, తేడా అంతా టైర్లలో. రోడ్ బైక్ టైరు 25, 28 మిల్లీమీటర్లు ఉంటే దీనికి 38, 40, 45 దాకా వేసుకోవచ్చు, ఫ్రేములోనే అంత జాగా వదిలి చేస్తారు. గాలి కూడా తక్కువే కొట్టాలి, రోడ్ బైక్‌లో 80, 90 పీఎస్ఐ కొట్టే మనిషి ఇందులో 35, 40తో బయల్దేరతాడు, ఎందుకంటే రాయి మీదికి ఎక్కినప్పుడు టైరు కొంచెం నొక్కుకుపోతేనే మోచేతులకీ నడుముకీ దెబ్బ తగలదు, వదులు మట్టిలో పట్టు కూడా దొరుకుతుంది. చాలామంది ట్యూబ్ తీసేసి లోపల సీలెంట్ పోసుకుంటారు, తుమ్మ ముల్లు దిగినా పల్లేరు కాయ గుచ్చుకున్నా ఆ ద్రవం వచ్చి కన్నం మూసేస్తుంది, మనం ఆగక్కర్లేదు. డిస్క్ బ్రేకులు, ఎత్తు ఎక్కడానికి బాగా తేలికైన గేర్లు. ఇంతే, ఇందులో మాయేం లేదు. అరవై డెబ్భై వేల నుంచి లక్షల దాకా రేట్లున్నాయి, కానీ అది లేకపోతే ఆ బాటల మీద తిరగలేం అని కాదు, మామూలు హైబ్రిడ్ అయినా పోతుంది, పాత మౌంటెన్ బైక్ అయినా పోతుంది, అక్కడ బడికి పోయే పిల్లలు కడ్డీ సైకిళ్ల మీద మాకంటే స్పీడుగా పోతారు, పైగా వెనక క్యారియర్ మీద చెల్లెల్ని కూర్చోబెట్టుకుని.

ఈ సరదా ఎక్కువగా ముదిరింది అమెరికాలో. కాన్సస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే చిన్న ఊళ్లో 2006లో కొద్దిమంది కలిసి మట్టి రోడ్ల మీద 200 మైళ్ల రేసు పెట్టుకున్నారు, ఇప్పుడు దాని పేరు అన్‌బౌండ్, వేల మంది వస్తారు. 2022లో సైక్లింగ్ అంతర్జాతీయ సంఘం యూసీఐ దీనికి వరల్డ్ చాంపియన్‌షిప్ కూడా మొదలుపెట్టింది, మొదటిది ఇటలీలో జరిగింది. రేసుల మీద నాకు పెద్ద మోజు లేదు గానీ ఒక్క విషయం గమనించండి, ఆ కాన్సస్ కంకర రోడ్లు సైకిల్ వాళ్ల కోసం వేసినవి కావు. అదంతా గడ్డి కొండల ఇలాకా, పశువుల పెంపకం జాస్తి, రైతులు ట్రక్కులేసుకుని తిరగడానికి ఉన్న రోడ్లు. అవి అందరికీ తెరిచి ఉన్నాయి కాబట్టి సైకిళ్లు వాటిని వెతుక్కుంటూ వచ్చాయి. మన దగ్గర కూడా అచ్చం అలాంటివే ఉన్నాయి, మనం వేయలేదు, మన తాతల ఎడ్లబండ్లు వేసిపెట్టాయి.

మరి తారు రోడ్డు మీద తొక్కుకోవచ్చు కదా అంటారు. 2025 నవంబర్ 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర ఏం జరిగిందో మీరే మొదటి పేజీలో వేశారు, కంకర లోడుతో వస్తున్న టిప్పర్, ఆర్టీసీ బస్సు గుద్దుకున్నాయి, కంకరంతా బస్సులో కూర్చున్నవాళ్ల మీద పడింది, 19 మంది పోయారు. బస్సులో కూర్చున్నవాళ్లకే దిక్కు లేని రోడ్డు మీద సైకిల్ వాడి సంగతి ఏం చెప్పమంటారు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా ఆ 46 కిలోమీటర్లు వెడల్పు చేసే పని మర్రిచెట్ల కేసుతో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ)లో ఏళ్ల తరబడి నలిగింది, తొమ్మిది వందలకు పైగా చెట్లున్నాయి అక్కడ. రేపు అది నాలుగు లేన్లయినా మాకేం ఒరగదు, టిప్పర్ ఇంకాస్త స్పీడుగా పోతుంది అంతే. శంకర్‌పల్లి రోడ్డు కూడా అదే కథ, కోకాపేట నుంచి మోకిల దాకా ఎటు చూసినా కట్టడాలు, పొద్దున ఐదింటికే మట్టి లారీలు మొదలు.

ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ కప్పు వేసిన ట్రాక్ ఉంది కదా అని కూడా అంటారు. ఉంది, 2023 అక్టోబర్‌లో ఓపెన్ చేశారు, మొత్తం 23 కిలోమీటర్లు, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క. నేను దాన్ని తిట్టను. పైన నీడ, కింద నున్నటి నేల, లారీ భయం లేదు, మా పాపకి సైకిల్ నేర్పింది అక్కడే, హైదరాబాద్‌లో పిల్లకి సైకిల్ నేర్పడానికి అంతకంటే మంచి జాగా చూపించండి చూద్దాం. కానీ అది ఎక్సర్‌సైజు. పక్కనే ఎనిమిది లేన్ల మోత, పోయిన దారినే తిరిగి రావాలి, మధ్యలో ఒక ఊరు రాదు, చెరువు రాదు, ఏ ఊరు బిడ్డా అని అడిగే మనిషి కనపడడు.

ఇక ఆ బాటలు ఎట్లా ఉంటాయో చెప్తా, తెలియనివాళ్లకి ఇది తెలియాలి, పోగొట్టుకునేదేంటో తెలిస్తేనే కదా ఎవరైనా పట్టించుకునేది. గండిపేట దాటి ఖానాపూర్, జన్వాడ మీదుగా పోయి శంకర్‌పల్లి దాటాక ఎడమకి దిగితే మూసీ పరివాహకం. అవును, మన చాదర్‌ఘాట్ కింద ముక్కు మూసుకుని దాటే మూసీయే, అనంతగిరి కొండల్లో పుట్టి గండిపేటలోకి వచ్చేది ఇటునుంచే, ఇక్కడ వానాకాలంలో నీళ్లు ఎర్రగా వస్తాయి, ఎండాకాలం ఇసుకలో చెలిమె తీస్తే ఊరుతాయి. చందిప్ప మరకత శివుడి గుడి దగ్గర ఆగి నీళ్లు నింపుకుని తారు రోడ్డు వదిలేస్తే ఆ పక్క నుంచి అసలు తిరుగుడు మొదలవుతుంది.

నేల ఒకే తీరుగా ఉండదు. ఎర్ర చల్క ఉన్నచోట సైకిల్ హాయిగా పోతుంది, పైన సన్నటి మొరం, కింద గట్టి మట్టి, టైరు కింద కరకరమని ఒక చప్పుడు వస్తుంది, అది వింటూ ఎంత దూరమైనా పోవచ్చు. అర కిలోమీటర్ పోగానే రేగడి మొదలవుతుంది, ఎండిపోయి ఉంటే పర్లేదు, పర్రెలు చూసుకుంటూ పోవచ్చు, కానీ ముందురోజు చినుకు పడిందా, అయిపోయారు మీరు. ఆ నల్లమట్టి టైరుకి అంటుకుని, గడ్డి కలుపుకుని, ఫోర్కు సందులో ఇరుక్కుని చక్రం తిరగడమే ఆపేస్తుంది, సైకిల్ దిగి పుల్లతో గీక్కుంటూ కూర్చోవాలి, భుజానేసుకుని నడిచినా బరువు రెండింతలు. అందుకే జూలై, ఆగస్టుల్లో మేం చల్క బాటలే ఎంచుకుంటాం, ఏ ఊరికి ఏ నేలో ఇప్పుడు నాకు వ్యవసాయ శాఖ వాళ్లకి తెలిసినంత తెలుసు, కొంచెం గొప్ప చెప్పుకుంటున్నా, కానీయండి. ఇంకా పైకి వికారాబాద్ వైపు పోతే నేల మళ్లీ మారుతుంది, తుప్పు రంగు జేగురు రాయి, దాని మీద దిగేటప్పుడు వేళ్లు బ్రేకుల మీదే ఉండాలి.

పంటలు కూడా మారుతూ పోతుంటాయి. చేవెళ్ల చుట్టుపక్కల క్యారెట్, టమాట, క్యాబేజీ, పాలీహౌసుల్లో పూలు, అవి తెల్లారేసరికల్లా గుడిమల్కాపూర్ మార్కెట్‌కి పోతాయి. పత్తి, మక్క, కంది. బతుకమ్మ ముందు రోజుల్లో బాట రెండు పక్కలా తంగేడు, గునుగు, ఆడపిల్లలు చీకటితోనే కోసుకుంటూ ఎదురవుతారు. సీతాఫలాల కాలంలో గంపలు. ఇప్పుడు ఫిబ్రవరిలో మోదుగు మొదలైంది, ఆకు రాలిపోయి చెట్టంతా ఎర్రగా. చెరువు కట్ట మీద తొక్కడం అయితే దానికదే సాటి, ఒక పక్క నీళ్లు, ఒక పక్క దిగువన వరి, మధ్యలో కట్ట మైసమ్మ, తూము దగ్గర ఒకసారి దిగి నడవాలి, మత్తడి మీద నీళ్లు పోతుంటే చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్న రైతు ముందు నడుస్తుంటే వెనక మనం సైకిల్ ఎత్తుకుని పోవాలి. కుక్కల సంగతి రాయకపోతే మా దోస్తులు ఒప్పుకోరు. ఊరి కుక్కలు మంచివి, రెండు మొరుగులు మొరిగి వదిలేస్తాయి, దిగి నిలబడితే అవే పోతాయి. ఫామ్‌హౌస్ కుక్కలు వేరే, వాటికి మనిషి అంటేనే పడదు.

ఈ ఫామ్‌హౌస్ దగ్గరే అసలు సంగతి మొదలవుతుంది సార్.

మేం తిరిగే బాటలన్నీ జీపీఎస్‌లో ఉంటాయి, కొన్నేళ్లుగా చాలామంది తిరిగిన గీతలు యాప్‌లో హీట్‌మ్యాప్ మీద కనపడతాయి. ఇప్పుడు ఆ మ్యాప్ చూస్తే పళ్లూడిన దువ్వెనలా ఉంది. గీత నేరుగా వచ్చి వచ్చి ఠక్కున ఆగిపోతుంది, వెనక్కి తిరుగుతుంది. ఎక్కడ ఆగిందో అక్కడికి పోతే ఒక ఇనుప గేటు, లేకపోతే తాండూరు బండలు నిలబెట్టి ముళ్ల తీగ, లేకపోతే ఏకంగా ప్రీకాస్ట్ గోడ. ఇది జరిగే తీరు కూడా ఎప్పుడూ ఒకటే, ఇన్నిచోట్ల చూశాక మాకు కంఠతా వచ్చేసింది. బాటకి ఇటు పక్క భూమి, అటు పక్క భూమి ఒకడే కొంటాడు. మొదట్లో ఏమనడు, పైగా బాట మీద మొరం పోసి రోలర్ కొట్టిస్తాడు, ఊరోళ్లు ఎంత మంచి సార్ అంటారు. ఆ తర్వాత మొదట్లో ఒక ఆర్చీ కడతాడు, దాని మీద వెంచర్ పేరు, రాత్రి లైట్లు. తర్వాత దొంగలు తిరుగుతున్నారని చెప్పి ఒక గేటు, పగలంతా తీసే ఉంటుంది. తర్వాత పగలు కూడా వేస్తారు, అడిగితే తీస్తారు. ఆ తర్వాత అడిగినా తీయరు. చివరికి అటువైపు గోడ వస్తుంది, అప్పటికి బాట అనేది వాళ్ల ఇంటర్నల్ రోడ్ అయిపోయింది, బ్రోచర్‌లో ముప్ఫై అడుగుల రోడ్ అని కూడా వేసుకుంటారు.

శంకర్‌పల్లి అవతల ఒక ఊళ్లో, ఊరి పేరు రాయను, రాస్తే ఆ పెద్దాయనకి ఇబ్బంది, అలాంటి గేటు ముందే నిలబడ్డాం మేం నలుగురం. వాచ్‌మన్ ఎక్కడో ఒడిశా నుంచి వచ్చిన పిల్లగాడు, సాబ్ బంద్ హై అంటున్నాడు, వాడిదేం తప్పు, వాడికిచ్చే జీతమే గేటు వేసి ఉంచడానికి. ఇంతలో వెనక నుంచి ట్రాక్టర్ మీద ఒక పెద్దాయన వచ్చి ఆగాడు, ట్రాలీలో డ్రిప్ పైపులు, ఎరువు బస్తాలు. తాతా ఈ బాట ఎప్పటినుంచి మూసిండ్రు అని అడిగా. పోయిన దసరా సంది అన్నాడు. ఆయన చేను ఆ గోడకి అవతలే ఉంది, మేం నిలబడ్డ చోటు నుంచి బోరు మోటారు డబ్బా కనపడుతోంది. ఇప్పుడు చుట్టూ తిరిగి తారు రోడ్డెక్కి, అవతల ఊరు మీది నుంచి రావాలి, డీజిల్ ఎవరిస్తరు అన్నాడు. మరి కంప్లైంట్ ఇయ్యలేదా అంటే నవ్వాడు. "ఎవలకు ఇయ్యాలె బిడ్డా? మొదాలు మా ఊరోడే ఎన్కకి జరిగిండు, వాని పొలం గూడ వాళ్లకే అమ్మిండు." నేనేదో సర్దిచెప్పబోతే ఆయన నా సైకిల్ వైపు చూసి అన్నాడు, "నీకేంది సారూ, భుజంమీదేస్కోని గోడ దుంకుతవ్. నా ట్రాక్టర్ దుంకుతదా?"

ఈ మాట విన్నాక నాకు సైక్లిస్టుల హక్కులు అని బోర్డు పట్టుకోవాలంటే సిగ్గేస్తుంది. మాకు ఒక బాట మూస్తే ఇంకో బాట, అది మూస్తే ఇంకో జిల్లా, ఆదివారం కాలక్షేపం కొంచెం తగ్గుతుంది. దామగుండం అడవి చూడండి, పూడూరు మండలంలో, సిటీ నుంచి సైకిళ్ల వాళ్లు, ట్రెక్కింగ్ వాళ్లు ఎంతమంది పోయేవాళ్లో, 2024 అక్టోబర్‌లో అక్కడ నేవీ రేడియో స్టేషన్‌కి, అందరూ రాడార్ స్టేషన్ అంటున్నదానికి, శంకుస్థాపన అయింది, 2,900 ఎకరాలు, అది దేశ రక్షణ వ్యవహారం, దాని మీద వాదన వేరు, ఇక్కడ ఎత్తను. మాకు అడవి పోతే ఇంకో కొండ వెతుక్కుంటాం. గొర్లు తోలుకునేవాడికి, పొద్దున పాల క్యాన్ పట్టుకుని సెంటర్‌కి పోయేవాడికి, వరి కోత మిషన్ పిలిపించుకునే రైతుకి ఇంకో బాట లేదు. కోత మిషన్ పోవడానికి బాట లేదని చేను పడావు పెట్టినవాళ్లున్నారు, పడావు పెట్టాక ఎంతకిస్తావ్ అని అదే గేటు మనిషి వస్తాడు. బాట మూయడం అంటే భూమి సగం ధరకి కొనడానికి మొదటి మెట్టు, నేను చూసినంతలో ఇది పొరపాటున జరిగే పని కాదు.

కాగితాల సంగతికి వస్తే, నేను వకీలుని కాదు గానీ మా ఆఫీసులో ఒక మిత్రుడి నాన్నగారు రెవెన్యూలో సర్వేయర్‌గా చేసి రిటైర్ అయ్యారు, ఆయన దగ్గర కూర్చుని కొంత నేర్చుకున్నా. ప్రతి ఊరికీ నక్ష ఉంటుంది, నిజాం కాలంలో సర్వే చేసి గీసింది. అందులో సర్వే నంబర్ల మధ్య నుంచి జంట చుక్కల గీతలు పోతుంటాయి, అవి బండ్ల బాటలు. ఒంటి చుక్కల గీత కాలిబాట. ఈ బాటలు ఏ పట్టాదారువీ కావు, 1317 ఫసలీ (ఫసలీ అంటే నిజాం కాలం ఏడాది లెక్క) నాటి భూమి రెవెన్యూ చట్టం ప్రకారం బాటలు, వాగులు, కుంటలు సర్కారువి, అంటే అందరివి. పక్క భూమి కొన్నంత మాత్రాన బాట కొన్నట్టు కాదు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, నిజాయితీగా చెప్పాలి కాబట్టి చెప్తున్నా, ఊళ్లో నడిచే ప్రతి బాటా నక్షలో ఉండదు. కొన్ని అన్నదమ్ములు పంచుకున్నప్పుడు నోటి మాటగా వదులుకున్నవి, కొన్ని పక్క రైతు మంచితనంతో గట్టు మీద నుంచి పోనిచ్చినవి. వాటి మీద గొడవ వస్తే అది కోర్టులో తేలాల్సిందే. నేను అడిగేది కనీసం నక్షలో గీత ఉన్న వాటి గురించి. దాని మీద గేటు పెట్టే హక్కు ఎవరికీ లేదు, ఇంత స్పష్టంగా ఉన్నదాని మీదే గేట్లు వెలిశాయి.

అసలు రైతు చేతిలో ఉండే కాగితంలో ఇది కనపడదు. పాస్‌బుక్‌లో సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు ఉంటాయి, చేనుకి పోయే దారి ఉండదు. 2020లో ధరణి అని భూమి రికార్డుల పోర్టల్ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని బదులు భూభారతి వచ్చింది, రెండింటి మీదా మీరు పేజీలకి పేజీలు రాశారు, అంతా ఎవరి పేరు మీద ఎంత భూమి అనే లెక్కే. సిటీలో అయితే కబ్జాలు తీయించడానికి హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ ఉంది, 2024లో పెట్టారు, చెరువు కబ్జా అయినా కాలనీ రోడ్డుకి గోడ కట్టినా జేసీబీ తీసుకొస్తున్నారు, టీవీలో చూస్తున్నాం. కానీ వాళ్ల హద్దు ఓఆర్ఆర్ వరకే. మేం చెప్పే బాటలన్నీ ఓఆర్ఆర్ అవతల. సరిగ్గా ఎక్కడైతే ఇప్పుడు భూముల రేట్లు మండిపోతున్నాయో అక్కడ అడిగేవాడు లేడు.

ఇంకొకటి. ఇన్నాళ్లు ఈ బాటలు ఎందుకు బతికాయి అంటే అందులో కొంత 111 జీవో పుణ్యం. గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల లోపు 84 ఊళ్లలో పెద్ద కట్టడాలు, లేఅవుట్లు వద్దని 1996లో ఇచ్చింది. ఆ జీవో ఉన్నన్నాళ్లు కూడా ఫామ్‌హౌస్‌లు లేచాయి, దొంగచాటు ప్లాట్లు పడ్డాయి, నేను కాదనను, ఆ 84 ఊళ్ల రైతులకి తమ భూమికి రేటు రాలేదన్న కోపం కూడా ఉంది, అది కూడా న్యాయమే. 2022లో జీవో 69తో ఆంక్షలు ఎత్తేశాక ఇక ఆగలేదు. 1908 వరదలో సిటీ మునిగాక కట్టిన చెరువులివి, 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్, వాటిలోకి నీళ్లు తెచ్చే వాగులు, కాల్వలు కూడా చాలాచోట్ల ఈ బాటల పక్కనే పోతాయి. బాటకి అడ్డంగా కట్టిన గోడ వాగుని కూడా ఆపుతుంది. సిటీలో కూర్చున్నవాళ్లకి రైతు బాట పట్టకపోయినా ఈ సంగతన్నా పట్టాలి.

ఇప్పుడు మావాళ్ల మీద కూడా రెండు మాటలు, లేకపోతే ఏకపక్షం అవుతుంది. ఈ మధ్య గ్రూపులుగా ఇరవై ముప్ఫై మంది వస్తున్నారు, సైకిల్‌కి బ్లూటూత్ స్పీకర్ కట్టుకుని ఊళ్లోంచి మోత మోగిస్తూ పోతారు, ఎనర్జీ జెల్ పాకెట్లు చెరువు కట్ట మీద పడేస్తారు, నాట్లు వేసే ఆడవాళ్లని అడగకుండా ఫొటోలు తీసి రీల్ పెడతారు. డ్రోన్ ఎగరేసేవాడు ఒకడుంటాడు ప్రతి గ్రూపులో. కంది చేను మధ్యలోంచి అడ్డంగా తొక్కుకుంటూ పోయి అదేదో సాహసం అనుకుంటారు. పశువుల కోసం పెట్టిన కంప తీసి మళ్లీ పెట్టరు. ఊరోళ్లు మాకు చాయ్ పోసి కూర్చోబెట్టిన రోజులున్నాయి, ఇప్పుడు కొన్ని ఊళ్లలో సైకిల్ హెల్మెట్లు కనపడితే ప్లాట్లు చూడ్డానికొచ్చిండ్రు అనుకుంటున్నారు, అనుకోవడంలో తప్పు లేదు, చాలామంది నిజంగానే చూసి పోతున్నారు.

అలాగే అన్నీ మట్టి బాటలుగానే ఉండాలని నేను అంటే ఊరోళ్లు నవ్వుతారు, వానాకాలం ట్రాక్టర్ దిగబడితే లాగేది నేను కాదు కదా. బడి బస్సు పోయే దారికి తారు వేయాల్సిందే, అంబులెన్స్ రావాల్సిందే. కానీ చేనుకి పోయే బాటకి అంత అక్కర్లేదు, వాగు అడ్డం వచ్చినచోట రెండు తూము పైపులు, లోతు ఉన్నచోట నాలుగు ట్రిప్పుల మొరం, ఉపాధి పనుల్లో ఇదంతా అయిపోతుంది, చాలా ఊళ్లలో అట్లా చేసుకున్నారు కూడా. మొరం కోసం పక్కనే ఉన్న గుట్టని సగం తవ్వకుండా ఉంటే ఇంకా మంచిది.

ఇప్పుడు సందర్భం ఎందుకు కుదిరిందంటే, 2025 డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలయ్యాయి, అంతకుముందు దాదాపు రెండేళ్లు సర్పంచులే లేరు, స్పెషల్ ఆఫీసర్ల పాలన, ఎవరిని అడగాలో తెలిసేది కాదు, గేట్లు ఎక్కువగా లేచింది ఆ రెండేళ్లలోనే. ఇప్పుడు కొత్త సర్పంచులున్నారు, గ్రామసభలు పెడతారు. ప్రతి పంచాయతీ ఆఫీసు గోడ మీద ఊరి నక్ష పెద్దదిగా, రంగుల్లో, బాటలు కనపడేటట్టు వేయించమనండి. దానికి లక్షలు కావు, ఒక ఫ్లెక్సీ ఖర్చు, నాయకుల బర్త్‌డేలకి వేసేదాంట్లో ఒకటి తగ్గించుకుంటే అయిపోతుంది. రోజూ ఆ గోడ ముందు నుంచి పోయే పిల్లలకి కూడా మన ఊరి బాట ఎటు పోతుందో తెలుస్తుంది, ఎవడైనా గేటు పెడితే ఇది నక్షలో ఉంది కదన్నా అనగలుగుతారు. ఆ తర్వాత సర్వేయర్‌ని పిలిచి బాటకి రెండు పక్కలా హద్దు రాళ్లు పాతించాలి. లేఅవుట్ పర్మిషన్ ఇచ్చేటప్పుడు లోపల నక్ష బాట ఉంటే దాన్ని ప్లాన్‌లో చూపించాలి, దానికి గేటు ఉండకూడదు అని రాయించాలి, లేఅవుట్లకి అనుమతులిచ్చే హెచ్ఎండీఏ తలుచుకుంటే ఒక్క సర్క్యులర్ పని.

సైకిల్ తొక్కేవాళ్లం కూడా ఊరికే కూర్చోం. మా దగ్గర తేదీలతో సహా జీపీఎస్ గీతలున్నాయి, ఫలానా నెల దాకా ఈ బాట తెరిచే ఉంది అని చూపించగలం. గూగుల్ ఎర్త్‌లో పాత ఏడాదులకి వెనక్కి పోతే గోడ లేనప్పటి బాట ఉపగ్రహం ఫొటోలో తెల్లగా కనపడుతుంది, ఎవరైనా చూసుకోవచ్చు, ఫ్రీ. ఏ రైతుకైనా ఏ సర్పంచ్‌కైనా కావాలంటే ఆ ఫైళ్లు ఇవ్వడానికి మేం సిద్ధం, కోర్టుకి పనికొస్తుందో లేదో వకీళ్లు చూసుకుంటారు, కనీసం తహసీల్దార్ ముందు మాట్లాడ్డానికి ఒక ఆధారం.

మిమ్మల్ని కోరేది ఒకటే. మీకు ప్రతి మండలంలో విలేకరి ఉన్నాడు. శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల, షాబాద్, ఈ నాలుగు మండలాల మీ విలేకరుల్ని ఒక్కొక్క ఊరి నక్ష పట్టుకుని జంట చుక్కల గీత వెంబడి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవమనండి, ఎక్కడ గేటు తగిలితే అక్కడ ఫొటో తీసి జిల్లా పేజీలో వేయండి, గేటు ఎవరిదో వాళ్లనే అడిగి వాళ్ల మాట కూడా వేయండి. సైకిల్ కావాలంటే నాది ఇస్తా, మీడియం సైజు ఫ్రేము, ఐదడుగుల ఎనిమిది అంగుళాల దాకా ఎత్తున్నవాళ్లకి సరిపోతుంది. గాలి 35 దాటి కొట్టొద్దని చెప్పండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
టోలిచౌకి, హైదరాబాద్